మేజోడు విప్పని కాలు

గోడ బయట పాతిపెట్టిన మనిషి కోసం సూసన్న సాలువా వెళ్ళే బండి ఎక్కింది. కథ అంతకుముందే మొదలయింది.

ఆ మనిషి ఆమె భర్త ఆర్థర్. ఖరగ్‌పూర్ శివార్లలో రైల్వేకి బ్రేకు దిమ్మలు పోసి ఇచ్చే ఒక సేఠ్ గారి పోత కార్ఖానాలో పని చేసేవాడు. కరిగిన ఇనుము ఉన్న తొట్టికి అటో కాడ, ఇటో కాడ ఉంటాయి. ఇద్దరు మనుషులు పట్టుకుని మోస్తారు. పోయిన ఎండాకాలం ఆ తొట్టి ఆర్థర్ మీద ఒలికింది. తాగి వచ్చి ఒలకబోసుకున్నాడని చెప్పినవాడు కార్ఖానాలో హాజరు రాసే టైం బాబు తీతు. అక్కడి తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద కూడా అతనే. అవునన్నవాడు ఆర్థర్‌తో తొట్టి మోసే సొలొమోను. తాగి చచ్చినవాడికి విశ్వాసుల పక్కన చోటు లేదని సంఘం తీర్మానించింది. సమాధుల తోట గోడకి బయట, వాననీరు పారే పల్లంలో పాతిపెట్టారు. ఒక వానాకాలానికి దిబ్బ సగమయింది. మిగిలిన సగం మీద మేకలు పడుకుంటున్నాయి. ఇంకో వానాకాలం వస్తే అదీ ఉండదు.

వానలు పడే లోపల ఆర్థర్‌ను గోడ లోపలికి తేవాలి. సూసన్నకి ఇంకే కోరికా లేదు. అడిగి అడిగి ఆమె గొంతు అరిగింది. చివరికి తీతు ఒక దారి చెప్పాడు. ఈస్టరుకి ముందు శ్రమకాలంలో సంఘం వాళ్ళు సాలువాలో జరుపుకునే ధ్యాన కూటానికి రావాలి. ఉపవాసం, మౌనం, కాళ్ళు కడిగే పాదపరిచర్య, ఉన్నది అందరి ముందు చెప్పుకునే సాక్ష్యం. ఒక్కటీ తప్పకూడదు. తప్పకుండా ముగిస్తే ఆదివారం తోట గేటు తెరుస్తారు. తప్పితే ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు.

సూసన్న ఒప్పుకుంది.

సాలువాలో కూటం జరిగే షెడ్డు యుద్ధకాలంలో సైనికులు కట్టి వదిలేసినది. పైన రేకులు, కింద సిమెంటు నేల. ఒక పక్క సాల చెట్లు, ఒక పక్క పోలీసుల క్యాంపు. చుట్టూ ఎర్ర మట్టి. గాలి వీస్తే మనుషుల కనుబొమలు కూడా ఎర్రబడతాయి. షెడ్డు లోపల దూలానికి తీగతో ఒక రైలు పట్టా ముక్క వేలాడుతూ ఉంటుంది. పొద్దున దాని మీద సుత్తితో ఒక దెబ్బ కొడితే మౌనం మొదలు. పొద్దు కుంకాక ఇంకో దెబ్బ కొడితే మౌనం ముగింపు. మధ్యలో ఎవరూ నోరు తెరవకూడదు. ఎప్పుడో ఒక ముసలి పాదిరి దొర పెట్టిన ఆచారం అది. దొర తన దేశం వెళ్ళిపోయాడు. పట్టా ముక్క ఉండిపోయింది. దొర చెప్పిన ఇంకో మాట కూడా ఉండిపోయింది. పాదపరిచర్య జరిగిన గదిలో కడగని కాలు ఉండకూడదు.

పొద్దున్నే బావి దగ్గర ఆడవాళ్ళు ముఖాలు కడుక్కుంటున్నారు. తీతు భార్య రూతు చేద పక్కన పెట్టి, సూసన్న తల వైపు చూసింది.

"ఏటి సూసన్నా, నూనె రాసినావు? ఉపాసానికి నూనేటి?"

"నూనె కాదొదినా. సెమట."

"సెమటేనా? మీ ఆయన సీసాలోదేమో అనుకున్నాను. ఇల్లంతా అదే కదా మీకు."

ఆడవాళ్ళు నవ్వారు. నవ్వని వాళ్ళు ముఖం మీద నీళ్ళు చల్లుకున్నారు.

ఎమిలీ మామ్మ బావి గట్టు మీద కూర్చుని ఉంది. రైల్వే బంగళాల్లో దొరల పిల్లలని పెంచి ముసలిదయిన మనిషి. చేతిలో కర్ర. నోట్లో పళ్ళు లేవు, నోటికి అదుపు లేదు.

"నవ్వండర్రా, నవ్వండి. ఇంకాసేపటికి నోళ్ళు కుట్టీసుకోవాల. ఉన్న ఇసమంతా ఇప్పుడే కక్కీసుకోండి. లోపలుండిపోతే కడుపులో తిప్పుతాది."

"నీకేటి మామ్మా, నీ మాటలు నీవి," అంది రూతు. "మేమేటన్నామని?"

"ఏటీ అననేదు. ఏటీ అనకుండానే ఆ పిల్ల మొకం అలగయిపోనాదా?"

రూతు చేద బావిలోకి వదిలింది. అది నీళ్ళని కొట్టిన చప్పుడు పెద్దగా వచ్చింది.

తీతు అప్పుడే వచ్చాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. కాళ్ళకి నల్ల బూట్లు, మేజోళ్ళు. ఎండాకాలమయినా, ఎర్ర దుమ్ములోనయినా అతని బూట్లకి మెరుపు తగ్గదు. అతను గట్టిగా మాట్లాడడు. కార్ఖానాలో ఆలస్యంగా వచ్చినవాడిని ఇంటికి పంపించేటప్పుడు కూడా మెత్తగానే మాట్లాడతాడు.

"అందరూ లోపలికి రండి. ఒక మాట సెప్పాల."

అందరూ షెడ్డులో గోడల వెంబడి బల్లల మీద కూర్చున్నారు. సొలొమోను సుత్తి పట్టుకుని పట్టా ముక్క దగ్గర నిలబడ్డాడు.

"ఈసారి పాదపరిచర్య నేను సెయ్యడం నేదు," అన్నాడు తీతు. "మన సెల్లి సూసన్న సేస్తాది."

బల్లలు కిర్రుమన్నాయి. సూసన్న లేచి నిలబడింది.

"అందరివీనా బావూ?"

"అందరివీ. నీ మీద కోపమయి కాదమ్మా. తాగుబోతు పెళ్ళాం తగ్గించుకుంటే ఎలగుంటాదో సంఘం సూడాల. సూస్తే మనసు కరుగుతాది. కరిగితే గేటు తెరవడం నాకు సులువు. నీ కోసమే సెప్తున్నాను."

"ఆడు తాగనేదు బావూ."

"అదిగో. అందుకే తగ్గింపు కావాలన్నాను."

ఎవరో చిన్నగా దగ్గారు. సూసన్న చుట్టూ చూసింది. ఆమె చూపు ఎక్కడికి వెళ్తే అక్కడ తలలు వంగాయి.

"సేస్తాను," అంది.

"ఠీక్ హై. ఇంకో మాట. దెబ్బ పడ్డాక ఏ మాటయినా మాటే. ఉష్షు అన్నా మాటే. అబ్బా అన్నా మాటే. గొంతులోంచి ఏటొచ్చినా నియమం తప్పినట్టే. తెలిసిందా?"

"తెలిసింది బావూ."

ఆమె బేసిను కోసం పట్టా ముక్క పక్క నుంచి వెళ్తూ సొలొమోను దగ్గర ఆగింది.

"తమ్ముడూ, నువ్వొక మాటనొచ్చు కదా."

సొలొమోను ఆమె వైపు చూడలేదు. సుత్తి కాడని అరచేత్తో తుడిచాడు.

"తప్పుకో అప్పా. దెబ్బ కొట్టాల."

కొట్టాడు. పట్టా ముక్క చాలాసేపు మోగింది. ఆ మోత పూర్తిగా ఆగేవరకూ అందరూ దానివైపే చూశారు.

మౌనంలో మనుషులు మాట్లాడకపోరు. చేతులతో మాట్లాడతారు. ఒక పెద్దమనిషి రెండు వేళ్ళు పెదాల దగ్గర పెట్టి పక్కవాడిని బీడీ అడిగాడు. పక్కవాడు ఉపవాసమని కడుపు చూపించాడు. బీడీ కడుపులోకి పోదని మొదటివాడు ముక్కు చూపించాడు. పోలీసు క్యాంపులో బూర ఊదారు. అది ఆగిపోయాక షెడ్డు అంతకుముందు కన్నా ఎక్కువ నిశ్శబ్దంగా అనిపించింది.

సూసన్న బావికీ షెడ్డుకీ తిరిగింది. ఇనప బేసిను, భుజం మీద తువ్వాలు. ఒక్కొక్కరి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కాళ్ళు రెండూ నీళ్ళలో పెట్టించి, మడమలు రుద్ది, వేళ్ళ సందులు కడిగి, తువ్వాలుతో ఒత్తి తుడిచింది. పాచిపని చేసుకునే ఆడవాళ్ళ పాదాలు పగిలి ఉన్నాయి. ఇంజన్లలో బొగ్గు వేసే మనిషి గోళ్ళ కింద నలుపు పోలేదు. ఎంత రుద్దినా పోదని అతనే తల ఊపి కాలు తీసుకున్నాడు. అతనొక్కడే ఆమె పని తగ్గించాడు.

రూతు వంతు వచ్చింది. సూసన్న కడిగి తుడిచింది. రూతు లేచి గుమ్మం దాకా నడిచి, బయట ఎర్ర మట్టిలో రెండు కాళ్ళూ పెట్టి, తిరిగి వచ్చి బల్ల మీద కూర్చుని కాళ్ళు చాపింది. సూసన్న మళ్ళీ కడిగింది. రూతు మళ్ళీ లేచింది. మళ్ళీ మట్టిలో పెట్టింది. మళ్ళీ వచ్చింది. బల్లల మీద భుజాలు కదిలాయి. నోరు మూసుకుని నవ్వితే మౌనం చెడదని అందరికీ తెలిసినట్టుంది. తీతు చూశాడు. చూసి బైబిలులో పేజీ తిప్పాడు. ఎమిలీ మామ్మ లేచి గుమ్మానికి అడ్డంగా కర్ర పెట్టుకుని కూర్చున్నాకనే రూతు ఊరుకుంది.

సూసన్న మోకాళ్ళు సిమెంటు మీద ఒరిసి, చీర అక్కడ తడిగా ఎర్రబడింది. అది మట్టి కాదు.

సొలొమోను కాళ్ళు నీళ్ళలో పెట్టగానే ఆమె చేతులు ఆగిపోయాయి. మడమల మీద, పాదం వంపు మీద గుండ్రని మచ్చలు. తెల్లగా, లోపలికి దిగి, ఒక్కొక్క దాని మధ్యలో నల్లటి చుక్క. ఇనుము చుక్క బూటులోకి జారితే అలాగే కాలుస్తుంది. చర్మం కాలి, మసి లోపల ఉండిపోయి, పైన చర్మం మూసుకుంటుంది. ఆ నలుపు చచ్చేదాకా పోదు. ఆర్థర్ కాళ్ళ మీద కూడా అవే ఉండేవి. రోజూ పని నుంచి వచ్చాక అతని కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని ఆముదం రాసేది. అతను చక్కిలిగింతలని గోల చేసేవాడు. సొలొమోను కాళ్ళు చప్పున లాక్కున్నాడు. తుడవనివ్వలేదు. తడి కాళ్ళతోనే పట్టా ముక్క దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

అందరూ అయిపోయారు. బయట పొద్దు సాల చెట్ల కొమ్మల మీదికి దిగింది. సూసన్న బల్ల పట్టుకుని లేచింది. ఇంకొక్క దెబ్బ. ఇంకొక్క సాక్ష్యం. తర్వాత గేటు. తీతు బేసిను తీసుకెళ్ళమని చేత్తో సైగ చేశాడు.

ఎమిలీ మామ్మ కర్రతో నేల మీద కొట్టింది.

అందరూ అటు చూశారు. మామ్మ కర్ర ఎత్తి తీతు బూట్లని చూపించింది. తీతు నవ్వి తల అడ్డంగా ఊపాడు. మామ్మ కర్రని గది అంతా తిప్పింది. బల్లల కింద ఉన్న కాళ్ళన్నీ చూపించింది. అన్నీ ఉత్త కాళ్ళు. అన్నీ కడిగిన కాళ్ళు. మళ్ళీ కర్ర బూట్ల మీదికి వచ్చి ఆగింది. దొర మాట అక్కడున్న అందరికీ తెలుసు. ఒకరి తర్వాత ఒకరు తలలు ఊపారు. వాళ్ళకి తీతు మీద కోపమేమీ లేదు. ఆచారం ఆచారమే.

నోటితో అయితే తీతు ఎన్ని సాకులయినా మెత్తగా చెప్పేవాడు. జలుబన్నా, సమయం లేదన్నా, పెద్దరికమన్నా ఒప్పుకునేవారు. చేతులతో సాకు చెప్పడం అతనికి రాలేదు. బల్ల మీద కూర్చున్నాడు.

కుడి బూటు విప్పాడు. మేజోడు విప్పాడు. కాలు తెల్లగా, మెత్తగా ఉంది, నీడలో పెరిగిన కాలు. సూసన్న కడిగి తుడిచింది. తీతు చాలన్నట్టు చెయ్యి ఎత్తాడు. మామ్మ కర్ర ఎడమ కాలి మీద ఉంది.

ఎడమ బూటు విప్పాడు. మేజోడు విప్పలేదు. మేజోడుతోనే కాలు నీళ్ళలో పెట్టాడు.

సూసన్న ఏమీ అనుకోలేదు. తడిసిన మేజోడు మీద రుద్దితే అది దానంతటదే జారింది. తీతు దాన్ని పట్టుకోబోయాడు. అందలేదు. మేజోడు ఆమె చేతిలోకి వచ్చింది.

గుండ్రని మచ్చలు. పాదం వంపు మీద గుప్పెడు. సొలొమోనువి తెల్లవి. ఇవి ఇంకా గులాబీ రంగులోనే ఉన్నాయి. పాతవి కావు. ఒక్కొక్క దాని మధ్య నల్లటి చుక్క.

టైం బాబు కాలు అది. గేటు దగ్గర గదిలో కూర్చునే మనిషి, కొలిమి వైపు ఏనాడూ రాని మనిషి. ఆర్థర్ పోయిన రోజు అసలు కార్ఖానాలోనే లేనని, ఊళ్ళో పూరీ గేట్ పేటలో ఒక జబ్బు మనిషికి ప్రార్థన చేస్తున్నానని బైబిలు మీద చెయ్యి వేసి చెప్పిన మనిషి.

సూసన్న తలెత్తింది. తీతు వంగి ఆమెనే చూస్తున్నాడు. ఆమె చూసిందని అతనికి తెలిసింది. అతనికి తెలిసిందని ఆమెకి తెలిసింది.

తీతు మడమని నీళ్ళలో నెమ్మదిగా కదిపి ఆమె కుడి చేతి వేళ్ళ మీద పెట్టాడు. బరువు వేశాడు.

అందరి కాళ్ళ మట్టితో నీళ్ళు ఎర్రగా చిక్కబడి ఉన్నాయి. లోపల ఏం జరుగుతుందో పైకి కనపడదు. తీతు కళ్ళు మూసుకుని రెండు చేతులూ పైకెత్తాడు. ప్రార్థన అనుకుని బల్లల మీద వాళ్ళు కూడా కళ్ళు మూసుకున్నారు. అతను ప్రార్థనలో లేచినట్టు కాస్త లేచి, ఒళ్ళంతా ఆ మడమ మీదికి తెచ్చాడు. బేసిను అడుగున ఏదో చిన్నగా చిట్లింది. ఎండుపుల్ల విరిగినట్టు.

సూసన్న నోట్లోకి అరుపు వచ్చింది. పళ్ళ దగ్గర ఆగింది. గొంతులోంచి ఏటొచ్చినా నియమం తప్పినట్టే. గోడ బయట దిబ్బ కనిపించింది. దాని మీద మేక కనిపించింది. భుజం మీది తువ్వాలు అంచు నోట్లో కుక్కుకుని కొరికింది. కళ్ళలోంచి నీళ్ళు వచ్చాయి. నీళ్ళకి నియమం లేదు.

అలా ఎంతసేపో కాదు. ఆమె ఎడమ చెయ్యి ఖాళీగా ఉంది. ఆ చేత్తో బేసిను అంచు పట్టుకుంది. మెల్లగా ఒక పక్కకి వంచింది.

ఎర్ర నీళ్ళు సిమెంటు మీద పారాయి. బల్లల కిందికి వెళ్ళాయి. కడిగిన కాళ్ళకి చల్లగా తగిలేసరికి అందరూ కళ్ళు తెరిచారు. ఖాళీ బేసినులో ఆమె వేళ్ళు ఉన్నాయి. వేళ్ళ మీద తీతు మడమ ఉంది. పాదం మీద మచ్చలు ఉన్నాయి.

తీతు కాలు ఎత్తాడు. అప్పటికే అందరూ చూశారు.

ఒక్కరూ మాట్లాడలేదు. కొందరు నియమానికి, కొందరు భయానికి. బొగ్గు వేసే మనిషి సగం లేచి అలాగే ఉండిపోయాడు. పొద్దు ఇంకా కుంకలేదు. గుమ్మంలో మామ్మ నీడ పొడుగ్గా లోపలికి పడి ఉంది.

సొలొమోను తీతు కాలిని చూశాడు. తన కాళ్ళని చూసుకున్నాడు. సూసన్న వేళ్ళని చూశాడు. రెండు వేళ్ళు ఉండవలసిన వైపు లేవు. తీతు అతని వైపు తిరిగి ఒక్కసారి తల అడ్డంగా ఊపాడు.

సొలొమోను పట్టా ముక్క మీద సుత్తితో కొట్టాడు. పొద్దున కొట్టినట్టు కొట్టలేదు. తీగ ఊగి దూలం మీది దుమ్ము రాలింది.

"పొద్దుండగానే ఏటిది సొలొమోనూ!" అని ఎవరో అరిచారు.

అందరికన్నా ముందు రూతు లేచింది.

"ఏటలగ సూస్తారు? అది గంజి. కుండ దించుతా నేనే ఒలకబోసినాను. మొగుడి కాలు కాల్చిందని నలుగురూ నన్నంటారని ఇన్నాళ్ళూ దాచినాడు. మీరేటనుకుంటన్నారు?"

సూసన్న నోట్లోంచి తువ్వాలు తీసింది.

"గంజికి నల్ల సుక్కుంటాదేటొదినా?"

"నీ మొగుడి కాలు మీదున్నవే నోకంలో మచ్చలేటి? సెయ్యి నొక్కుకుంటే పొరపాటున నొక్కుకున్నాది. దానికింత నాటకమా?"

తీతు అప్పటికి ఊపిరి సరిచేసుకున్నాడు. గొంతు మళ్ళీ మెత్తగా వచ్చింది.

"ఒగ్గీ రూతూ. సెల్లికి దెబ్బ తగిలింది, ఎవరైనా కట్టు కట్టండి. కానీ సంఘమా, ఒకటి సూడాల. మౌనం పొద్దు కుంకేదాకా ఉండాల. ఉండనేదు. మధ్యలో తెగిపోనాది."

"నేను మాటాడనేదు బావూ," అంది సూసన్న. "వేలిరిగినా మాటాడనేదు. మీరందరూ సూసినారు."

"నువ్వు మాటాడినావనడం నేదమ్మా. మౌనం నిండనేదంటన్నాను. నిండకపోతే ముగించినట్టు కాదు. ముగించకపోతే గేటు నేదు. నియమం నేను పెట్టింది కాదు కదా."

ఆ మాటతో గది కాస్త తేలికపడింది. నియమం గురించి మాట్లాడుకోవడం కాలి గురించి మాట్లాడుకోవడం కన్నా సులువు. పాపమన్నారు కొందరు. వచ్చే ఏడు చూద్దామన్నారు కొందరు. బల్లల కింద నుంచి చెప్పులు బయటికి వచ్చాయి. ఒకామె సూసన్న చేతికి చీర కొంగు చించి కట్టబోయి, రూతు చూస్తోందని ఆగింది.

"వచ్చే ఏటికి దిబ్బుంటాదేటి?" అని సూసన్న అడిగింది. ఎవరినీ అడగలేదు.

గుమ్మం వైపు వెళ్ళినవాళ్ళు ఆగిపోయారు. ఎమిలీ మామ్మ లోపలికి జరిగింది. ఆమె వెనక సొలొమోను తలుపు మూసి గడియ పెట్టాడు. తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు. సుత్తి ఇంకా చేతిలోనే ఉంది.

"దారియ్యి సొలొమోనూ," అన్నాడు తీతు.

"మౌనం అయిపోనాది బావూ. తరవాతేటి? సాక్ష్యాలు కాదేటి?"

"రేపు పెట్టుకుందాం. అందరూ అలిసిపోనారు."

"నియమం తప్పకూడదన్నావు. తప్పను. ఎవులూ సెప్పులెయ్యకండి. కూకోండి. మొదట సాక్ష్యం నాది."

"రేపటి నుంచి నీకు పనుండదు, సూసుకో."

"సూసుకున్నాను."

తీతు తడి మేజోడు కోసం చెయ్యి చాచాడు. మామ్మ కర్ర కొసతో దాన్ని అతనికి అందకుండా నెట్టేసింది. మచ్చల కాలు సిమెంటు మీద అలాగే ఉండిపోయింది.

సొలొమోను సూసన్నని చూశాడు. ఆ రోజంతటిలో ఆమె ముఖం చూడడం అదే మొదలు.

"ఆ దినం తొట్టికి అటు కాడ పట్టింది ఆర్థరు," అన్నాడు. "ఇటు కాడ పట్టింది నేను కాదప్పా."